వచ్చేయండి టీచర్

పోయిన ఆదివారం ఢిల్లీలోని మునిర్కాలో మూడంతస్తుల మెట్లెక్కి, ఆయాసపడుతూ తలుపు కొడితే ఒకప్పటి నా శిష్యురాలు తలుపు తీసి "వచ్చేయండి టీచర్" అంది. యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడే గది అద్దెకు తీసుకుంది. లోపలికి వెళ్ళాను, కూర్చున్నాను, ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగాను. మనసు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఏ తెలుగింట్లోనైనా తలుపు తీయగానే నోటికొచ్చే మాట "రండి". ఈ పిల్ల ఆ మాట అనలేదు. ఎందుకు అనలేదో ఈ ఢిల్లీ మొత్తం మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

పన్నెండేళ్ళ కిందటి సంగతి. మావారు సైన్యంలో ఉండేవారు. కంటోన్మెంటు పక్కన ఒక బడిలో నేను మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడు ప్రిన్సిపల్ మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. నెలంతా పాఠాలతోపాటు వారానికో భాష, ఆ భాషవాళ్ళ ఆటపాటలు, తిండీ బట్టా. చివరి రోజున తల్లిదండ్రులకు పిలుపు. భాషలు కలిస్తే మనసులు కలుస్తాయని ఆవిడ ఉపన్యాసం. కలిసినవి పిడికిళ్ళు. పంజాబీ వారంలో చెక్క కత్తుల ఆట నేర్పిస్తే రెండో రోజుకే ఒకడి ముందుపన్ను ఎగిరొచ్చి నా హాజరు పట్టీ మీద పడింది. బెంగాలీ వారంలో రసగుల్లాల గిన్నె దగ్గర జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే విడదీయబోయాను, ఒక పిల్ల నా మణికట్టు కొరికింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది, అడిగితే చూపిస్తాను.

ఆఖరున తెలుగు వారం వచ్చేసరికి నాకు పూనకం వచ్చింది. పులిహోర కలిపాను, చెమ్మచెక్క ఆడించాను, గోడ నిండా అక్షరాలు అంటించాను. తరగతిలో తెలుగుపిల్ల ఒక్కతే, ఒంగోలు నుంచి వచ్చిన నర్సుగారమ్మాయి. మనం మాట్లాడితే అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలోనే. చివరి రోజు పట్టు పరికిణీతో గుమ్మంలో నిలబడి, పన్నీరు చల్లి, వచ్చినవాళ్ళందరినీ "రండి" అని పిలవాలని దానికి వారమంతా నేర్పించాను. హిందీ టీచర్ నన్ను పక్కకు పిలిచి, ఆ మాట వద్దు, నమస్కారం అనిపించండని గొంతు తగ్గించి చెప్పింది. "మేడమ్‌జీ, యహా యే గందీ గాలీ హై. నమస్కారం బోల్నే దీజియే నా." హిందీలో అది బూతని, ఒళ్ళమ్ముకునే ఆడదాన్ని అనే మాటని నాకు తెలియక కాదు. ఢిల్లీలో దిగిన మొదటి నెలలోనే మావారు హెచ్చరించారు. కానీ నా మొండితనం నాది. "మా ఇంటి మర్యాద మేమెందుకు మార్చుకోవాలి? వాళ్ళే నేర్చుకుంటారు" అన్నాను. గుమ్మంలో నిలబడేది నేను కాదు, ఎనిమిదేళ్ళ పిల్ల అన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజు మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకుని నవ్వి లోపలికి వెళ్ళారు. తర్వాత ఒక పిల్లవాడి తల్లి గుమ్మం ఎక్కింది. పాప నేను నేర్పినట్టే చేతులు జోడించి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ "రండి" అంది. వెనకాలే వస్తున్న భర్త "క్యా బోలీ?" అన్నాడు. సరిగా వినపడలేదనుకుందేమో, పాప మళ్ళీ చెప్పింది. చాచిపెట్టి కొట్టాడు. పాప తలుపు అంచుకు తగిలి పడింది. పెదవి చిట్లింది, పరికిణీ మీద నెత్తురు కారింది, పన్నీరుబుడ్డి దొర్లిపోయింది.

నా చేతికి ఏం దొరికిందో నేను చూసుకోలేదు. అది పంజాబీ వారపు చెక్క కత్తి. అతని భుజం మీద, మెడ మీద, అది విరిగేదాకా బాదాను. అతను నన్ను గోడకేసి తోశాడు. ఎవరి తండ్రో అతని కాలరు పట్టుకుని గుద్దాడు. కుర్చీలు గాల్లోకి లేచాయి, పులిహోర కాళ్ళ కింద నలిగింది. పిల్లలు బల్లల కింద దూరి ఏడ్చారు. తెలుగులో ఆ మాటకు లోపలికి దయచేయమనే అర్థమని హిందీ టీచర్ బల్లెక్కి అరిచింది. "తెలుగు మే ఇస్కా మత్లబ్ ఆయియే హై, భాయీసాబ్, ఆయియే." అందరూ ఆగిపోయారు. పాపను కొట్టినతను తన అరచేతిని చూసుకున్నాడు. "బేటా" అంటూ ఆ చెయ్యి చాపితే పాప రెండు చేతులతో మొహం కప్పుకుంది.

డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చిన నర్సుగారు యూనిఫారంతోనే నేల మీద కూర్చుని కూతురి పెదవి తుడిచారు. తల ఎత్తకుండానే అడిగారు. "ఆ మాట ఇక్కడోళ్ళకి ఎట్టా వినపడుద్దో తెలిసే నేర్పారా టీచర్ గారూ?"

"తెలియదండీ" అన్నాను. హిందీ టీచర్ నా వైపు ఒకసారి చూసి, వంగి పన్నీరుబుడ్డి తీసి బల్ల మీద పెట్టింది.

ఇదంతా మొన్న మునిర్కా గదిలో ఆ పిల్ల ముందు కక్కేశాను. తెలిసే నేర్పాను తల్లీ, మీ అమ్మకు అబద్ధం చెప్పాను అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె టీ గ్లాసు నా ముందు పెట్టింది.

"తెలుసు టీచర్. హిందీ మేడమ్ మీకు చెప్తున్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నా."

"మరి ఎందుకు అన్నావే?"

"మీరు అనమన్నారు కదా. ఇప్పుడు మాత్రం ఆ మాట వస్తే చెయ్యి చెంప మీదికి పోతుంది."

"అమ్మకు చెప్పలేదా?"

"చెప్తే అమ్మ మిమ్మల్ని కొట్టేది" అని నవ్వింది. నవ్వినప్పుడు పెదవి మీద ఆ గీత ఇంకా కనపడుతుంది. ఆ అబద్ధాన్ని పన్నెండేళ్ళూ నేనే దాచాననుకున్నాను. దాచింది ఆ పిల్ల.