బొట్టు పెట్టిన సీడీ రైటరు

మొన్న ఇంట్లో ఛార్జరు మాడిన వాసన రాగానే మా బాబాయి సీడీ రైటరు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. స్టీల్ ప్లాంటులో పనిచేసే బాబాయి దసరాకి స్కూటరు నుంచి స్పానర్ల దాకా అన్నిటికీ బొట్లు పెట్టాడు. కంప్యూటరుకి కొత్తగా బిగించిన రైటరును మాత్రం మరిచిపోయాడు. పాపం అనిపించి, నేనే మీట నొక్కి, బయటికొచ్చిన ట్రే అంచుకు చిటికెడు కుంకుమ అద్దాను.

మర్నాడు అత్త పెళ్లి ఫొటోలున్న ఒకే ఒక్క సీడీని కాపీ తీద్దామని బాబాయి అందులో పెట్టాడు. అది కీచుమని అరిచి, సీడీ నిండా గుండ్రటి గీతలు గీసి, మాడు వాసనతో బయటికి తోసింది.

"ఏటి సేసినావే దీన్ని?" అన్నాడు.

"బొట్టెట్టినాను బాబాయ్."

ఆ తర్వాత ఏ పండక్కీ నా చేతికి కుంకుమ భరిణె ఇవ్వలేదు. పెళ్లి ఫొటోల మాటొస్తే అత్త ఇప్పటికీ నా వంకే చూస్తుంది.

ఛార్జరు సంగతి ఫోనులో చెబుతూ ఇదంతా గుర్తుచేస్తే బాబాయి నవ్వాడు. "నీ బొట్టుకేటి సంబంధమమ్మా? ఆ మోడలే అంత. సీడీల్ని పాడుసేసి, అదీ కాలిపోయీది. ఆ వారమే షాపోడు వేరేది మార్చి ఇచ్చీసినాడు."

ఆ వేరేదానికి ఆయన స్వయంగా బొట్టు పెట్టడం నాకు బాగా గుర్తుంది. నన్ను గుమ్మం అవతలే నిలబెట్టాడు.