అద్దం లేని బస్సు

“బస్సు కదలడానికి సంకేతమిచ్చినది విద్యార్థినియే, ఇది ఆమె స్వీయ నిర్లక్ష్యము.”

మా తమ్ముడి కూతురి చావును కళాశాల విచారణ సంఘం ఈ ఒక్క వాక్యంతో తేల్చేసింది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు మండుతూనే ఉంటుంది. సంకేతమిచ్చిన మాట నిజమే. ఆ నిజం పక్కన కూర్చోబెట్టిన మాట మాత్రం పచ్చి అబద్ధం.

ఇంట్లో అందరం ఆమెను వాగుడుకాయ అనేవాళ్లం. తండ్రి దర్జీ. కళాశాల నుంచి రాగానే పుస్తకాలు కుట్టుమిషను పక్కన పడేసి, కాజాలు కుడుతూ ఆనాటి పాఠమంతా తండ్రికి అప్పజెప్పేది. వాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మిషను ఆపి, “ఊఁ, తర్వాత?” అనేవాడు. నన్ను చూస్తే ఆమెకు మరీ హుషారు.

“పెదనాన్నా, మీ ఎడమ భుజం దిగిపోయింది. ఆ కాగితాల సంచి కుడివైపు తగిలించుకోండి. లేకపోతే మీ చొక్కాకి నాన్న రెండు కొలతలు తియ్యాలి!”

పాత కరెంటు బిల్లు కూడా పారెయ్యలేని మనిషిని నేను. “నన్ను కూడా చిల్లులు పొడిచి ఫైల్లో కట్టేస్తారా ఏంటి?” అని ఏడిపించేది.

కట్టేశాను తల్లీ. నా బీరువాలో అన్నిటికంటే లావు ఫైలు ఇప్పుడు నీదే.

కళాశాల బస్సుకు తలుపు వైపు అద్దం ఎప్పుడో విరిగిపోయింది. కొత్తది వేయించమని డ్రైవరు అడిగి అడిగి విసిగిపోయాడు. అద్దం రాలేదు, దాని చోట ఒక అలవాటు వచ్చింది. చివర దిగినవారు బస్సు ఒంటిమీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితే అందరూ దిగినట్టు లెక్క; బస్సు కదులుతుంది. నిద్రపోతున్నవాళ్లను లేపి, మరచిన టిఫిను డబ్బాలు ఏరి, అందరి వెనక దిగేది మా పిల్లే. కనుక ఆ పని ఆమెదైంది.

ఆ రోజు వాన. ఆమె దిగింది, కొట్టింది. అంతలో స్నేహితురాలి గొడుగు గాలికి దొర్లి వెనక చక్రం ముందుకు పోయింది. అందుకోవడానికి వంగింది.

“నాకు వినబడిందయ్యా, కదిలించాను. ఆ వైపు నాకు చెవులే తప్ప కళ్లు లేవు,” అంటూ డ్రైవరు మా గుమ్మంలో కూలబడ్డాడు. అతని మీద నాకు కోపం రాలేదు.

ఆ వాక్యాన్ని నా మరదలు నమ్మింది. అదీ మా ఇంటికి పట్టిన రెండో చావు. కూతురు కాజాలు కుడుతూ సగంలో వదిలిన చొక్కాను ఒళ్లో పెట్టుకుని, “చూసుకోకుండా ఎందుకు కొట్టావే? ఎందుకు కొట్టావే నా తల్లీ?” అంటూ అన్నం ముట్టడం మానేసింది.

“అన్నయ్యా, ఆ ఒక్క ముక్క తీయించు. నాకింకేం వద్దు,” అన్నాడు తమ్ముడు. “లేకపోతే ఇది కూడా దక్కదు నాకు.”

సంచీ భుజాన వేసుకుని ప్రిన్సిపాల్ ఎదుట కూర్చున్నాను.

“పెద్దవారు, ఆవేశపడకండి. ఆ అమ్మాయి కొట్టిందా, లేదా? ముందది చెప్పండి.”

“కొట్టింది. రోజూ కొట్టింది, రోజూ మీరు చూస్తూ ఊరుకున్నారు. అద్దం చేయాల్సిన పని ఆడపిల్ల అరచేతికి అప్పగించిందెవరు?”

“ఎవరూ అప్పగించలేదండీ. పిల్లలు వాళ్లంతట వాళ్లు చేసుకున్న అలవాటది. నివేదిక ఆమోదం పొందింది, ఇక మార్చడం కుదరదు.” మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర అదే బస్సు ఆగి ఉంది. కొత్త రంగు వేశారు. అద్దం ఉండాల్సిన చోట ఒట్టి ఇనుపకమ్మీ. చివరగా దిగిన అమ్మాయి, ఎవరితోనో నవ్వుతూ, చెయ్యెత్తింది.

“అమ్మాయ్, కొట్టకు!” అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. “కొట్టకపోతే బస్సు కదలదు తాతగారూ,” అని రెండు దెబ్బలు కొట్టింది.

బస్సు వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే మరదలు గుమ్మంలోనే అడిగింది. “తీసేశారా బావగారూ?”

నేను సంచీ దించి గోడకు ఆనించాను. ఆమె నా ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది: “ఎందుకు కొట్టావే…”

తమ్ముడు ఆ మాట వినబడకుండా మిషను తొక్కసాగాడు. సూది కింద బట్ట లేదు.