వీరాయమ్మ గుమ్మంలో కొండమట్టి

కొత్తపేటలో ఎవరింట్లో మొక్క వాడినా ముందు వీరాయమ్మనే అడుగుతారు. పెరట్లో చిన్న నర్సరీ, ముప్పై ఏళ్ల అనుభవం, దానికి తగ్గ గర్వం. ఎవరి కుండీ చూసినా, "ఇదేం మట్టండీ, మా కాలవగట్టు ఒండ్రు పట్టుకెళ్లండి" అంటుంది. చివరికి ఆ ఒండ్రే ఆమె కొంప ముంచింది.

ఆషాఢంలో విజయకుమార్ అనే కాలేజీ మాస్టారు మన్యం నుంచి మూడు మొక్కలు తెచ్చారు. ఒకే ఒక్క కొండ మీద, ఎర్రటి రాళ్లమట్టిలో మాత్రమే పూసే నీలిపువ్వట. రాయి కోసం ఆ కొండను తవ్వేస్తున్నారట.

"విత్తనం కట్టేదాకా బతికించండి పిన్నిగారూ. ఈ మట్టిలోనే పాతండి" అని ఓ బస్తా కొండమట్టి కూడా దించారు.

"ఆయ్, అలాగేనండి" అంది వీరాయమ్మ. ఆయన బస్సెక్కారో లేదో, "పసిమొక్కల్ని రాళ్లలో పెడతారా ఎవరైనా?" అంటూ వాటి వేళ్లకున్న మట్టి శుభ్రంగా కడిగి, ఒండ్రులో పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి పాతేసింది. మా కోనసీమలో గులకరాయి దొరకడమే అపురూపం. అందుకని ఆ బస్తామట్టిని గుమ్మం ముందు బురదలో పరిచింది. పక్కింటిదాన్ని, నేనూ భేష్ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వారం తిరిగేసరికి ఒక మొక్క కుళ్లింది. బలం చాలలేదనుకుని మిగతావాటికి ఇంకాస్త ఎరువు వేసింది. రెండోదీ పోయింది. మాస్టారు ఫోన్ చేస్తే "ఆయ్, బాగున్నాయండి" అని అబద్ధమాడి, ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడోదాని ఆకులు పసుపెక్కేసరికి ఆమెకు మాస్టారి మాట గుర్తొచ్చింది. గునపంతో గుమ్మం ముందు మట్టి పెళ్లగించి, బురద కడిగి, జల్లెడ పట్టింది. నేనూ కూర్చుని ఏరాను. అంత బస్తాకీ ఒక్క కుండీడు మిగిలింది. మొక్కను అందులోకి మార్చి, తనే ఫోన్ చేసింది.

"రెండిటిని చంపేసేనండి బాబూ. మీ మాట వినలేదు. మళ్లీ రెండు తెచ్చిపెడతారా?"



"ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ? అవి పూసే చోటంతా మొన్ననే తవ్వేశారు. ఉన్నదాన్ని చూడండి. పది రోజులకోసారి తడిపితే చాలు."

నిన్న పొద్దున్న చూశాను. ఆ మొక్క ఇంకా పసుపుపచ్చగానే ఉంది. వీరాయమ్మ అన్నిటికీ నీళ్లు పోసి, ఆఖరి చెంబుతో దాని దగ్గర ఆగింది. చెయ్యి దానంతటదే వంగింది. పది రోజులకు ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ చెంబు నీళ్లు తనే గటగటా తాగేసింది.