సున్నం పూసిన రాళ్ళు

నేనుండే బాడుగింటికి నిన్న ఓనరు సున్నం కొట్టించినాడు. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అనంతపురం టౌను మా ఊరి దాకా పెరుగుతున్న రోజులు. నాకు ఏడేళ్ళు. ఒకనాడు మా శెనక్కాయల చేను నిండా సున్నం పూసిన రాళ్ళు నాటినారు. విత్తనం వేసేముందు మా అవ్వ చేలో అట్లాంటి రాయే ఒకటి నిలబెట్టి మొక్కేది. ఈ ఏడు ఇంతమంది దేవుళ్ళా అని మురిసిపోయి, రాయిరాయికీ పసుపు కుంకుమ పెట్టినాను.

"ఏయ్ పాపా! ప్లాట్ల రాళ్ళు ఖరాబు చేస్తాండావే!" అని బ్రోకరు అరిచినాడు.

చేను అమ్మేసిన నాయన తల వంచుకొని, "తుడిచేయి పాపా" అన్నాడు. నా పావడాతోనే అన్నీ తుడిచినాను.

ఇప్పుడు నేనుండే ఈ ఇల్లు ఆ చేలో లేచిందే. పొద్దున దేవుడి పటానికని మేకు కొడితే ఓనరు ఉరికొచ్చినాడు.

"ఏమ్మా, గోడ ఖరాబు చేస్తాండావే!"

ఈసారి మేకు పీకలేదు. ఇంకో దెబ్బ వేసినాను.