ప్రేమలత టీచర్ బండి కదలని రోజు

ఇస్సాకు షెడ్డు వరంగల్‌లో ఉర్సు గుట్ట దాటాక ఖమ్మం రోడ్డు పక్కన ఉంటుంది. ఆయనది డోర్నకల్. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. కొడుకు కూడా రైల్వేలోనే కుదురుకోవాలని ఆశపడ్డాడు గానీ ఇస్సాకుకు మొదటి నుంచీ లారీల మీదే ధ్యాస. మరిపెడలో రోడ్డు మీది లారీ షెడ్డులో పానాలు అందించడంతో మొదలుపెట్టి, గేరుబాక్సు విప్పి బిగించేదాకా పని నేర్చుకుని, పెళ్ళయ్యాక మార్తమ్మతో వరంగల్ వచ్చేశాడు. ఇప్పుడు తల నెరిసింది. చుట్టుపక్కల డ్రైవర్లందరికీ ఆయన మాటంటే గురి. బండి షెడ్డులోకి వస్తూండగానే చప్పుడు విని, "క్లచ్ ప్లేటు పోయింది, దిగు" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆ పేరు ఆయనకు ఇష్టం. అన్నం కన్నా ఇష్టం అని మార్తమ్మ ఎగతాళి చేసేది.

ప్రేమలత టీచర్ కారు మాత్రం ఆయన ఎరిగిన బండ్ల లాంటిది కాదు. అది పాత ఆటోమేటిక్. ఆమెకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కే పని ఉండదని, ఎవరో వాడి అమ్మిన ఆ కారును ఏరికోరి కొనుక్కుంది. శివనగర్‌లో అన్న రమాకాంత్ ఇంట్లో ఉంటూ, పాలకుర్తి పోయే దారిలో ఒక ఊరి బడికి రోజూ తనే నడుపుకుంటూ వెళ్ళేది. ఆమె బండి నడపడం రమాకాంత్‌కు ముందునుంచీ నచ్చదు. ఇంజిన్ ఆయిలు మార్చడానికీ బ్రేకులు చూపించుకోవడానికీ ఆమె ఇస్సాకు దగ్గరికే వచ్చేది. ఆయన ఎన్నడూ ఆ గేరుబాక్సు జోలికి పోలేదు. పోవలసిన అవసరమూ రాలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక ఆమె ఫోన్ చేసింది. బండి కదలడం లేదంది. ఇస్సాకు మోటారు సైకిలు మీద ఆ ఊరు వెళ్ళేసరికి బడి ఆవరణలో కారు చుట్టూ అందరూ గుమిగూడి ఉన్నారు. హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు, తోటి టీచరు వినోద, వంట చేసే సమ్మమ్మ, పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు. రమాకాంత్ కూడా అప్పటికే ఆటోలో వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దుగాల మంచిగనే వచ్చిన ఇస్సాకన్నా" అంది ప్రేమలత. "బండి ఈడ పెట్టి క్లాసుకు పోయిన. ఇప్పుడు స్టార్ట్ అయితాంది గని కదుల్తలేదు. లివర్ కూడా వట్టిగ పోతాంది, చేతికి బరువే తెలుస్తలేదు."

ఇస్సాకు లోపల కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజిన్ శుభ్రంగా పలికింది. బ్రేకు తొక్కి, లివర్‌ను ముందుకు పోవడానికి వేసే డీలోకి లాగి యాక్సిలరేటర్ ఇచ్చాడు. ఇంజిన్ గర్జించింది, బండి మాత్రం మేకు కొట్టినట్టు నిలబడింది. రివర్సులో వేసినా అంతే. న్యూట్రల్లో పెట్టి నలుగురి చేత నెట్టించాడు. ముందు చక్రాలు బిగుసుకుపోయి ఉన్నాయి. దిగి బానెట్ ఎత్తి గేరు ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీశాడు. ఆయిలు సరైన మట్టంలోనే ఉంది, మాడిన వాసన కూడా లేదు. లోపల ముక్కలైన గేరుబాక్సులో ఆయిలు అలా ఉండదు. అది ఆయనకు తెలుసు. తెలిసీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె కర్ర ఊతంగా పక్కకు వచ్చి మళ్ళీ చెప్పింది. "జర మీటర్ల చూడన్నా. నేను డీల ఏసినా, రివర్స్ ఏసినా, అండ్ల మాత్రం పీ అనే చూపిస్తాంది."

పీ అంటే బండిని నిలిపి ఉంచే స్థానం. ఇస్సాకు అటు చూడనైనా చూడలేదు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఈ గేరుబాక్సు లోపల ఏముంటుందో తనకు తెలియదన్న సంగతి ఆ కళ్ళకు తెలిసిపోతుందేమోనని ఒళ్ళంతా వేడెక్కింది.

"అది వైరింగ్ మేడం. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేదు. "గేరుబాక్సు పట్టేసింది. బండి పూరాగ ఆగకముందే రివర్స్‌ల నుంచి ముందటికి ఏస్తరు మీరు. గట్ల నడిపితే లోపల గేరు పండ్లు విరుగుతయ్."

"నేను ఎన్నడూ గట్ల ఏయలేదన్నా" అంది ఆమె.

"నడిపేటోళ్ళకు తెల్వదు మేడం. బండికి తెలుస్తది."

ఎవరో నవ్వారు. ప్రేమలత ముఖం ఎర్రబడింది. రమాకాంత్ ముందుకు వచ్చి ఆమె ముందు చెయ్యి చాచాడు. "నేను ముందుగాల్నే చెప్పిన ప్రేమా, నీకు బండెందుకని. ఇన్నవా? రేపు రోడ్డు మీద ఎవలినన్న గుద్దితె ఏం గావాలె? తాళం ఇటియ్యి." విద్యార్థుల తల్లిదండ్రుల ముందు, తన బడి వాకిట్లో, ఆమె తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. ఇస్సాకు బానెట్ మూస్తూ చూడనట్టే ఉన్నాడు.

ముందు చక్రాలు పైకెత్తి లాక్కెళ్ళే బండి వచ్చి కారును షెడ్డుకు చేర్చింది. అక్కడ అది దుమ్ము పట్టి పడి ఉంది. ఇస్సాకు రోజూ ఏదో ఒక వంకతో దాన్ని వాయిదా వేశాడు. ఆటోమేటిక్ గేరుబాక్సులు బాగుచేసే హైదరాబాద్ మనిషి ఒకాయనకు ఫోన్ చేస్తే, గేరుబాక్సు దించి పంపమన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఇస్సాకు, ఆయనతో ఏళ్ళుగా పనిచేస్తున్న సారయ్య కలిసి దించడానికి పూనుకున్నారు. బ్యాటరీ తీశారు, ఎయిర్ ఫిల్టరు డబ్బా తీశారు. దాని కింద గేరుబాక్సు పైభాగం కనిపించింది.

లివర్ దగ్గరి నుంచి వచ్చే కేబులు కొస అక్కడ వేలాడుతోంది. గేరుబాక్సు మీది చిన్న ఇనుప చేతికి అది తగులుకుని ఉండాలి. తగిలించి ఉంచే ప్లాస్టిక్ బుష్ వేడికి ఎండి, పొడి పొడిగా రాలిపోయింది.

ఇస్సాకు వంగి చూశాడు. తర్వాత వేలితో ఆ ఇనుప చేతిని నెట్టాడు. లోపల టక్కుమంది. "బండి నెట్టు సారయ్యా" అన్నాడు. సారయ్య భుజం ఆనించాడో లేదో కారు సాఫీగా ముందుకు దొర్లింది.

బండి ఎక్కడా పాడవలేదు. కేబులు ఊడిపోవడం వల్ల, లోపల లివర్‌ను ఎన్నిసార్లు ఎటు జరిపినా గేరుబాక్సు పీలోనే ఉండిపోయింది. పీలో ఉంది కాబట్టే చక్రాలు బిగుసుకున్నాయి. మీటరుకు కబురందేది లివర్ నుంచి కాదు, గేరుబాక్సు నుంచే. అది నిజమే చూపించింది. ప్రేమలత దాన్ని చదివి, లివర్ వట్టిగా పోతోందన్న మాటతో సహా, రోగమేమిటో ఆయన చెవిలో చెప్పింది. వినకపోగా, ఆమెకు నడపడం రాదని అందరి ముందూ అన్నాడు.

కొత్త బుష్ వేసి కేబులు తగిలించి, తనే నడిపి చూద్దామని ఖమ్మం రోడ్డెక్కాడు. మాటిమాటికీ ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతుక్కుంది. ఆ కాలికి ఈ బండిలో ఏ పనీ లేదు. ఇంతకాలం ఆ కారును రిపేరు చేస్తూ, ఆమె దాన్నే ఎందుకు కొనుక్కుందో ఒక్కసారీ తన ఒంటికి తెలియలేదు. యూ టర్ను దగ్గర కారు వెనక్కి తిప్పాడు.

షెడ్డుకు తిరిగి వచ్చాక సారయ్య అన్నాడు. "పరేషాన్ గాకు ఉస్తాద్. గేరుబాక్సు బాగు జేసినమని చెప్తె అయిపాయె. ఎవలు సూడొచ్చిండ్రు?"

 ఇస్సాకు కారు కడిగి శివనగర్ తీసుకెళ్ళాడు. రమాకాంత్ గేటు దగ్గరే ఎదురయ్యాడు. "అయిపోయిందా? మంచిగైంది. కొనేటోళ్ళు ఎల్లుండి చూడనికి వస్తాండ్రు. ఆమె ఇగ నడపది. నువ్వు ఆ రోజు ఉన్నమాట చెప్పినవ్ ఇస్సాకూ, లేకుంటె మా మాట ఇనేదా!" అన్నాడు.

ఇస్సాకు అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాడు. లోపలి గదిలో కర్ర నేలకు తగిలే చప్పుడు వినపడింది. ఆమె బయటికి రాలేదు. ఇస్సాకు తాళంచెవి అప్పగించి, "సరే సార్" అని వచ్చేశాడు. ఇంటికి వచ్చాక మార్తమ్మ పెట్టిన అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టకుండానే చెయ్యి కడుక్కున్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఆమె అడిగితే విసుక్కున్నాడు. ఆ విసుక్కున్నందుకు మళ్ళీ సిగ్గు పడ్డాడు.

మర్నాడు పొద్దున మార్తమ్మను డోర్నకల్ రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చాడు. ఎక్కించి బయటికి వచ్చేసరికి ఎదురుగా బస్టాండు గేటు దగ్గర ప్రేమలత కనిపించింది. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. కర్ర ముందు లోపలికి ఇచ్చి, కడ్డీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కోబోయింది గానీ చెయ్యి జారింది. వెనక ఉన్నవాళ్ళు తోసుకుంటున్నారు. కండక్టరు కిందికి వచ్చి, చంకల కింద చేతులేసి ఆమెను ఎత్తి లోపల నిలబెట్టాడు. మంచితనంతోనే చేశాడు. కానీ పరాయి మగవాడు తనను అలా ఎత్తుతుంటే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ ముఖం చూశాక ఇస్సాకు షెడ్డుకు పోలేకపోయాడు.

ఆ బస్సు వెనకే మోటారు సైకిలు మీద బయల్దేరాడు. దారిలో రెండుసార్లు వెనక్కి మళ్ళుదామనుకున్నాడు. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతున్నారు. ఆఫీసు వరండాలో వెంకటేశ్వర్లు, వినోద, ప్రేమలత నిలబడి ఉన్నారు. కొందరు తల్లులు పిల్లల్ని దించి ఇంకా గేటు దగ్గరే మాట్లాడుకుంటున్నారు.

"మేడం, ఒక్క మాట" అన్నాడు. పక్కకు రమ్మని అడగబోయి, అడగలేదు. ఆ రోజు తను అన్నది పక్కకు పిలిచి కాదు.

"మీ బండి గేరుబాక్సుకు ఏం గాలె. కేబులు ఊడింది, గంతే. ప్లాస్టిక్ బుష్ పాతదై రాలిపోయింది. మీరు నడిపినందుకు గాదు. మీరు మీటర్ల పీ చూపిస్తాందని చెప్పిండ్రు. అదే అసలు సంగతి. నాకు ఆ బండి గురించి తెల్వదు. తెల్వదని చెప్పెతందుకు నామోషై మీ మీదికి నెట్టిన."

 ఇస్సాకు తలెత్తలేదు. నూనె మరకల గోళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"నిన్న బండి దెచ్చినప్పుడు ఎరుకేనా నీకు?" అంది ప్రేమలత. గొంతు పెద్దది చేయలేదు.

"ఎరుకే మేడం."

"మరి మా అన్నకు చెప్పినవా?"

"చెప్పలె."

ఆమె చేతిసంచిలోంచి ఫోన్ తీసి, రమాకాంత్ నంబరు నొక్కి, ఇస్సాకు చేతికిచ్చింది. "ఇప్పుడు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

ఇస్సాకు చెప్పాడు. రమాకాంత్ మొదట నమ్మలేదు. నమ్మాక కోప్పడ్డాడు. "నీ మాట మీదనే గదా నేను గన్ని మాటలన్నది!" అని అరిచాడు. ఆ అరుపు వరండాలో అందరికీ వినపడింది. ప్రేమలత ఫోన్ తీసుకుని, "కొనేటోళ్ళను రావద్దని చెప్పు. తాళం నా బల్ల మీద పెట్టు అన్నా" అని పెట్టేసింది. బెల్లు మోగితే క్లాసుకు వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. వినోద మాత్రం, "ఆ రోజు నవ్వినోళ్ళల్ల నేను గూడ ఉన్న" అని, ఎవరితోనో తెలియకుండా గొణిగి లోపలికి నడిచింది.

మరుసటి వారం నుంచి ఆ కారు మళ్ళీ ఖమ్మం రోడ్డు మీద పొద్దునా సాయంత్రం కనిపించసాగింది. ప్రేమలత ఇప్పుడు దాన్ని హన్మకొండలో వేరే షెడ్డుకు తీసుకుపోతుందని సారయ్య ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు. "పోనియ్, మంచిదే" అన్నాడు ఇస్సాకు. ఆటోమేటిక్ బండి ఎవరైనా తెస్తే ఇప్పుడు ఆయనే ఆ షెడ్డు పేరు చెప్పి పంపిస్తాడు. ఆమె కారు షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు, చేతిలో పని ఉన్నా లేకపోయినా, ఇస్సాకు వంగి ఏదో ఒక బండి కిందికి దూరుతాడు. కారు వెళ్ళిపోయాక గానీ బయటికి రాడు.