మూడు కోటలు, ఒక కొబ్బరికాయ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు పోయిందా అంటే పోలేదు, కాకపోతే ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుని కోప్పడుతున్నాను. అప్పుడు మాత్రలు లేవు. వయసు ఇరవై నాలుగు. నిజామాబాద్‌లో బిందుసేద్యం పైపులు అమ్మే ఒక కంపెనీలో చేరి ఐదు నెలలు. ఇంకో నెలలో ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో, ఇంటికి పొమ్మంటారో తేలాలి. సరిగ్గా అప్పుడే మా మేనేజరు పిలిచి, "నీకు ఇంగ్లీషు వస్తది గదా, డీలర్లను తీస్కొని స్పెయిన్ పోయిరా" అన్నాడు. (నా ఇంగ్లీషు సంగతి ఆయనకు తెలియదు. ఆయన ఇంగ్లీషు సంగతి నాకు తెలుసు కాబట్టి ధైర్యంగా ఒప్పుకున్నాను.) ఎక్కువ పైపులు అమ్మిన డీలర్లను ఏటా ఒక విదేశం తిప్పడం మా కంపెనీలో ఆనవాయితీ. ఆ ఏడు అందరికంటే ఎక్కువ అమ్మినవాడు బోధన్ డీలరు. చుట్టుపక్కల చెరకు రైతులందరూ ఆయన్ను పైపులన్న అనే పిలిచేవాళ్ళు. మేనేజరు నన్ను సాగనంపుతూ ఒకటే మాట చెప్పాడు, "పైపులన్న ఖుషీగ తిరిగి రావాలె. గంతే."

డీలరుకు రెండు టికెట్లు. పైపులన్న భార్యకు విమానమంటే భయం, అందుకని ఆయన తన తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. కొడుకు అవ్వా అని పిలుస్తుంటే మేమందరమూ అవ్వా అనే పిలిచాం. విమానంలో అవ్వ నా పక్కన పడింది. మేఘాల్లో కాస్త కుదుపు వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పిలగా, మనం పోయేకాడ గుట్టలున్నయంట గదా. గుట్ట మీద దేవుడు ఉంటడా?" అని అడిగింది. నేను నిద్రమత్తులో ఉన్నాను. "గుట్ట అన్నంక దేవుడు ఉండడా అవ్వా?" అనేశాను. నా తప్పేముంది చెప్పండి? బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను ఎక్కిన ప్రతి గుట్ట మీదా దేవుడున్నాడు. మా నిజామాబాద్ ఖిల్లా గుట్ట మీద రాముడు, ఆర్మూర్ సిద్ధులగుట్ట మీద శివుడు, భీంగల్ పక్కన లింబాద్రి గుట్ట మీద నర్సింహస్వామి. ఖాళీ గుట్టలు కూడా ఉంటాయని, జనం వాటిని కూడా ఎక్కుతారని నాకెవరు చెప్పారు గనక?

స్పెయిన్‌లో దిగిన మూడో రోజు మిగతా డీలర్లంతా ఫుట్‌బాల్ స్టేడియం చూడ్డానికి పోయారు. నేనూ దాని కోసమే అన్నాళ్ళూ ఎదురుచూశాను. సరిగ్గా బస్సెక్కబోతుంటే పైపులన్న వచ్చి, "అవ్వకు జనంల పడదు. మేం గుట్టల దిక్కు పోయి కోటలు సూస్తం. నువ్వు గూడ రావాలె" అన్నాడు. బస్సు నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. మాకొక చిన్న వ్యాను, ఇంగ్లీషు మాట్లాడే ఒక గైడమ్మ. సరే అని టిఫిను దగ్గరికి వస్తే అవ్వ పళ్ళెం ఖాళీగా ఉంది. ఏమైందవ్వా అంటే, "ఒక్కపొద్దు ఉన్న బిడ్డా. విమానం మంచిగ దిగితే, మొదలు గుట్ట ఎక్కిన దినం ఆ గుట్ట మీది దేవునికి కొబ్బరికాయ కొట్టి గప్పుడే తింట అని మొక్కుకున్న. నువ్వు దేవుడున్నడంటివి గదా" అంది. చేతి సంచిలో నిజామాబాద్ కొబ్బరికాయ, కుంకుమ పొట్లం, అగరొత్తులు. (అగ్గిపెట్టె కూడా తెచ్చిందట, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గుంజుకున్నారు.) పైపులన్న నన్ను పక్కకు పిలిచి, "ఇగో, అవ్వకు షుగరున్నది. ఆమె కళ్ళు తిరిగి పడ్డదో, మీ కంపెనీ పైపు ఒక్కటి గూడ బోధన్‌ల అమ్మ" అన్నాడు. అన్నాక తాపీగా నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఆలుగడ్డ ఆమ్లెట్టు లాగించాడు. నేను మాత్రం తినలేకపోయాను. ఎదురుగా పెద్దమనిషి అలా ఖాళీ కడుపుతో కూర్చుంటే ముద్ద ఎలా దిగుతుంది?

మొదటి కోట ఒక ఎర్రటి కొండ కొనమీద ఉంది. వ్యాను కింద ఆగింది. పైకి రాళ్ళ దారి. అవ్వ దిగగానే చెప్పులు విప్పేసింది. చెప్పులతో గుట్ట ఎక్కుతారా ఎవరైనా? గైడమ్మ "నో, నో" అని రాళ్ళు చూపించింది. "నాకు గుట్టలు కొత్తనా?" అని అవ్వ తెలుగులోనే జవాబిచ్చి నడక మొదలుపెట్టింది. చెప్పులు అక్కడ వదిలేస్తే పోతాయని నేను వాటిని నా ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ తీసి చంకలో పెట్టుకున్నాను. డిగ్రీ చదివింది ఇందుకా అని ఒళ్ళు మండిపోయింది. పైన గైడమ్మ ఇది రాజుగారి గది, ఇది గుర్రాల సావడి, ఇది వాననీళ్ళు పట్టే తొట్టి అని చూపిస్తుంటే అవ్వ అన్నిటికీ తలూపుతూ, "గివన్ని మంచిగున్నయి గానీ, దేవుడేడి?" అంది. అడిగాను. ఒకప్పుడు చిన్న చర్చి ఉండేదట. ఇప్పుడు దాన్ని దుకాణంగా మార్చారు, అందులో చెక్క కత్తులు, రాజుల బొమ్మలున్న కప్పులు అమ్ముతున్నారు. అవ్వ గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, "దుకాణంల కొబ్బరికాయ కొట్టుడేంది? దేవుడు లేచిపోయిండు ఈడికెళ్లి" అని వెనక్కి తిరిగింది. "మొదలెక్కిన గుట్ట అన్నవు గదా, అయిపోయింది, ఇగ తినవ్వా" అన్నాను. "దేవుడే లేకుంటె అది గుట్ట ఎట్లయితది? అది లెక్కల రాదు" అంది.

రెండో కోటకు పోయేసరికి పన్నెండు దాటింది. ఈసారి మెట్లున్నాయి, మొత్తం చుట్లు తిరిగిన ఇరుకు మెట్లు. అవ్వ ముందు, ఆమెను పట్టుకోవడానికి నేను వెనక, నా వెనక పైపులన్న. ఆయన మాత్రం ఫోను పైకెత్తి బోధన్ వాళ్ళకు వీడియో తీస్తూ, "సూడుండ్రి, మా అవ్వ స్పెయిన్‌ల కోట ఎక్కుతున్నది" అని అరుస్తున్నాడు. తల్లికి చెయ్యిచ్చి నాలుగు మెట్లు ఎక్కించొచ్చుగా, అహ! పైన నిజంగానే ఒక చర్చి ఉంది, పెద్ద చెక్క తలుపు కూడా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపుకు తాళం. తాళంచెవి కింది ఊరి ఫాదరు దగ్గరుందట, ఆయన ఏడాదికొక్కసారి పండగనాడు తెరుస్తాడట. అవ్వ, "అయితెమాయె, గడప కాడ కొడుత" అని కొబ్బరికాయ ఎత్తింది. అంతే, ఎక్కడినుంచి వచ్చాడో యూనిఫాం వేసుకున్న కాపలావాడు రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. గైడమ్మ నుదురు పట్టుకుంది. ఈ రాళ్ళు వెయ్యేళ్ళవి, వీటిమీద ఏదీ కొట్టకూడదు అని ఇద్దరూ కలిసి నాకు చెప్పారు, నేను అవ్వకు చెప్పాను. "దేవుణ్ణి లోపటేసి తాళమేసుకున్నోళ్ళు నాకు చెప్పొస్తుండ్రా?" అంది అవ్వ. ఇది నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. అవ్వ ఏమంది అని గైడమ్మ అడిగితే, కోట చాలా బాగుందంది అన్నాను.

రెండు గంటలకు భోజనం. పైపులన్న రెండు ప్లేట్లు తిన్నాడు. అవ్వ నీళ్ళు తాగింది. నేనూ నీళ్ళు తాగాను. అవ్వ పెదవులు ఎండిపోయాయి, గ్లాసు ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. అప్పటిదాకా నా ఉద్యోగం గురించి భయపడ్డవాణ్ణి, ఆ చేతులు చూశాక అవ్వ గురించే భయపడ్డాను, ఆ భయం కూడా కోపంగానే బయటికొచ్చింది. "ఒక్క ముక్క తింటె దేవుడేమన్న అంటడా అవ్వా? బిస్కెట్టన్న తిను!" అని గట్టిగా అరిచాను. హోటల్లో అందరూ తిరిగి చూశారు. అవ్వ నా ముందున్న నీళ్ళ గ్లాసు వంక చూసి, "ఇంకొక గుట్టున్నది గదా పిలగా, పోదం పా" అని మాత్రం అంది.

మూడోది కోట అనడానికి లేదు. పైకప్పు లేని రెండు గోడలు, ఒక కూలిన బురుజు, నడుమ గడ్డి. టికెట్టు లేదు, తాళం లేదు, కాపలావాడు లేడు. చర్చి కూడా లేదని గైడమ్మ కిందే చెప్పేసి, నేను రానంటూ వ్యానులో కూర్చుంది. ఇక్కడా దేవుడు లేడంటే రాత్రికి ఆసుపత్రే. నాకు ఒకటే దారి కనిపించింది. అవ్వను కొడుక్కు అప్పగించి, ఆమె సంచి భుజాన వేసుకుని నేను ముందుగా పైకి ఉరికాను. బురుజు పక్కన, ముళ్ళకంప చాటున, మోకాలెత్తు రాయి ఒకటి నిలబడి ఉంది. కుంకుమ పొట్లం విప్పి, నా నీళ్ళ సీసాలోంచి రెండు చుక్కలు పోసి తడిపి, దానికి పెద్ద బొట్టు పెట్టాను. అగ్గిపెట్టె లేదు గనక అగరొత్తులు రెండు వెలిగించకుండానే ముందు గుచ్చాను. అవ్వ ఆయాసపడుతూ పైకి రాగానే, "అవ్వా, దొరికిండు! ఇగో దేవుడు!" అని కేకేశాను.

అవ్వ రాయిని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ రాయిని చూసి కొంగు నెత్తిమీదికి లాక్కుని దండం పెట్టుకుంది. పక్కనున్న బండమీద ఒక్క దెబ్బకు కొబ్బరికాయ కొట్టింది. పైపులన్న చేతులు జోడించాడు (ఈ ఒక్కసారీ వీడియో తియ్యలేదు). అవ్వ మొదటి ముక్క నా చేతిలో పెట్టి, రెండోది కొడుక్కిచ్చి, మూడోది తాను నోట్లో వేసుకుంది. ఆమె నమలడం చూశాకే నా ముక్క నోట్లో వేసుకుని అక్కడే గడ్డిలో కూలబడ్డాను. పనిలో పనిగా, ముసలమ్మను ఎంత తెలివిగా బుట్టలో వేశానో అని లోపల్లోపల తెగ మురిసిపోయాను కూడా.

దిగేటప్పుడు పైపులన్న ముందు నడుస్తున్నాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని మెల్లగా దిగుతూ, ఉన్నట్టుండి ఆగి, నా బొటనవేలును కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. వేలంతా కుంకుమ.

"ఎరుకేనా అవ్వా?" అన్నాను సిగ్గుపడుతూ.

"ఎరుకలేకేం? ఎవ్వరు లేని గుట్ట మీద తడి ఆరని బొట్టు ఉంటదా?"

"మరి ఎందుకు కొట్టినవ్?"

"పొద్దటిసంది నా చెప్పులు మోసుకుంట తిరుగుతున్నవ్. నీ నోట్లె ఒక్క ముద్ద పడలే. నేను తినంది నువ్వు తినకపోతివి. ఇగ ఆ మొక్కేదో మా ఊరికి పొయినంక మళ్ళ తీర్చుకుంట తీ" అని, నా బ్యాగులోంచి చెప్పులు తీసుకుని, కింద దారి రాగానే వేసుకుంది.

ఉద్యోగం పర్మనెంట్ అయింది. పైపులన్న ఆ ఏడు కూడా పైపులు బాగానే అమ్మాడు. అవ్వ ఊరికెళ్ళిన వారానికి సిద్ధులగుట్ట ఎక్కి మళ్ళీ కొబ్బరికాయ కొట్టిందని, నా పేర కూడా ఒకటి కొట్టిందని ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఆ కబురు విన్నప్పుడు కూడా నేను ఎవరిమీదో విసుక్కుంటూనే ఉన్నాననుకుంటాను. అలా విసుక్కుంటూనే ఇక్కడిదాకా వచ్చాను. ఈ కథ నా భార్యకు పెళ్ళైన కొత్తలో గొప్పగా చెప్పుకున్నాను, అదే పొరపాటు. అప్పట్నుంచి నేను ఇంట్లో గొంతు పెంచినప్పుడల్లా ఆమె వాదించదు, కోప్పడదు. నా బొటనవేలి వంక ఒకసారి చూసి, "పొద్దటిసంది ఏమన్న తిన్నరా?" అని అడుగుతుంది. ఏం చెప్పను? చాలాసార్లు తినలేదనే చెప్పాల్సి వస్తుంది.