వేమూరులో విప్పిన ముడి

తొంభైల మొదట్లో నేను గుంటూరులో నర్సింగు ట్యూటరుగా ఉండేదాన్ని. మానసిక రోగుల వార్డుల్లో పనిచేసే సిస్టర్లకు రోగిని కట్టడం గురించి ఎంత తెలుసు, తెలిసినదాన్ని ఎంతవరకు పాటిస్తున్నారు అన్నది కనుక్కురమ్మని మా ప్రిన్సిపాల్ గారు పంపారు. బాపట్ల, తెనాలి, రేపల్లె, మూడు రోజుల పని. ప్రశ్నపత్రాల బరువుకి నా సంచి పట్టీ మొదటిరోజే సగం ఊడింది.

పొద్దున్నే పాసింజరెక్కి, తెనాలిలో బండి మారి బాపట్ల చేరేసరికి పదిన్నర దాటింది. స్టేషను బయట వేడివేడి పెసరట్టు తిని ఆసుపత్రికి నడిచాను. అక్కడి హెడ్ సిస్టరు మరియమ్మగారికి జవాబులు రాసే ఓపిక లేదు. నన్నే మంచం మీద పడుకోబెట్టి, రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టి చూపించింది. ముడికీ మణికట్టుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలంది. దూరాయి. అంతలో ఎవరో పిలిస్తే వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నా ముక్కు దురద మొదలైంది. ఆవిడ తిరిగొచ్చి విప్పేదాకా నేను పడ్డ అవస్థ ఏ పాఠంలోనూ లేదు. తర్వాత ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

రాత్రి అంగలకుదురులో పిన్ని ఇంట్లో పడుకుని, మర్నాడు తెనాలి సిస్టర్లను కలిశాను. ఎప్పుడు కట్టాలి, ఎంతసేపటికోసారి చూడాలి, అన్నీ చక్కగా చెప్పారు. ఎప్పుడు విప్పాలి అంటే మాత్రం అందరిదీ ఒకటే మాట, డాక్టరుగారు చెప్పినప్పుడు అని. నాకూ అంతకు మించి తెలియదు.

మధ్యాహ్నం రెండింటికి రేపల్లె బండి ఎక్కాను. నా ఎదుటి సీట్లో కిటికీ దగ్గర పాతికేళ్ళ మనిషి, పక్కన వాళ్ళమ్మ. అతని కుడిచెయ్యి తువ్వాలుతో ఆమె చేతికి కట్టి ఉంది. పేరు ఖాదర్, రేపల్లెలో టైలరు. నెలనెలా తెనాలి డాక్టరుకి చూపించి తీసుకెళ్తోందట. ఒకసారి కదిలే బండిలోంచి దిగబోయాడు, అప్పట్నుంచీ ఈ కట్టు. మొదట్లో ఇల్లు చేరాకే విప్పేది. తర్వాత పల్లికోనలో, ఆ తర్వాత భట్టిప్రోలులో. ఈ రోజు ఇంకా ముందే, వేమూరులో విప్పుదామనుకుంటోంది. ఎందుకంటే ఒక టైలరింగు షాపు యజమాని రేపల్లె స్టేషనుకొచ్చి, మనిషిని చూసి, పనిలోకి తీసుకునేదీ లేనిదీ చెప్తానన్నాడు.

"ముడి విప్పాక చాలాసేపటిదాకా వీడు తలెత్తడమ్మా" అంది. "ఆ మొహంతో దిగితే మిషను మీద ఎవరు కూర్చోబెడతారు?"

వేమూరులో విప్పింది. తెనాలి మార్కెట్లో నిమ్మకాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో వెళ్తున్న పెద్దాయన ఒకాయన, "పిల్లలున్న పెట్టె ఇది, చెయ్యి కట్టే ఉంచమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, భయపడి అన్నాడు. ఆమె చెయ్యి మళ్ళీ తువ్వాలు మీదికి వెళ్ళింది.

"కట్టెయ్యమ్మా" అని ఖాదరే చెయ్యి చాపాడు.

బాపట్ల మంచం గుర్తొచ్చింది. నేను నర్సునండి, పక్కన నేను కూర్చుంటాను అని పెద్దాయనకి చెప్పి వెళ్ళి కూర్చున్నాను. తల వంచుకున్న ఖాదర్‌కి నా సంచి కనిపించింది.

"పట్టీ ఊడిపోతోందక్కా. సూది ఉంటే కుట్టిపెడతాను."

సూదీ దారం సంచిలోనే ఉన్నాయి. ఇలాంటి రోగి చేతికి మొనదేలిన వస్తువు ఇవ్వకూడదని నర్సింగు చదివే పిల్లలకు మొదటిరోజు నేర్పేది నేనే. భయం వేసింది. వాళ్ళమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఇచ్చాను.

కుదుపుల్లోనే మొదటిసారికే దారం ఎక్కించాడు. భట్టిప్రోలు వచ్చేసరికి ఒక వరస కుట్టు పడింది. గంపల పెద్దాయన ముందుకి వంగి చూసి, "రెండో వరస కూడా వెయ్యి బాబూ, బరువు ఆగుద్ది" అన్నాడు. పల్లికోన దాటాక అదీ పడింది. రేపల్లెలో బండి ఆగేటప్పటికి ఖాదర్ తలెత్తి పళ్ళతో దారం తెంపుతున్నాడు. షాపాయన కిటికీలోంచి చూసింది ఆ మొహాన్నే.

ఆ రాత్రి సిస్టర్ల క్వార్టర్సులో బస. మర్నాడు వాళ్ళ జవాబులు తీసుకుని, చేపల పులుసుతో భోంచేసి, స్టేషనుకి వెళ్తూ ఆ షాపు ముందు ఆగాను. ఖాదర్ చివర బల్ల మీద చొక్కాలకు కాజాలు కుడుతున్నాడు. ఇవి బాగా వస్తే వచ్చే వారం మిషను ఇస్తారట. నాకు ఎంత సంతోషమేసిందో, బండి తప్పిపోతుందని కూడా మర్చిపోయాను.

తప్పలేదు. తెనాలిలో దిగి గుంటూరు బస్సెక్కాను. ఒళ్ళో బొత్తెడు జవాబులు. ఎప్పుడు విప్పాలి అన్నదాని కింద వేమూరు అని రాయలేను కదా అని నాలో నేనే నవ్వుకున్నాను. చేబ్రోలులో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, సంచి పట్టీ లాగి చూసింది.

"ఎక్కడ కుట్టించావమ్మా, ఇంత గట్టిగా ఉంది?"

"రేపల్లెలో మాకు తెలిసిన టైలరున్నాడండి" అన్నాను.